రంగుల స్లైడు ఇంట్లోనే కడగవచ్చు, సగం పాత విద్యే

అటక మీది ట్రంకు పెట్టెలోనో, బీరువా సొరుగు అడుగునో కడిగించకుండా మిగిలిపోయిన ఫిల్ము రీలు కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ బయటపడుతూ ఉంటుంది. పెద్దాయన ఎప్పుడో తీర్థయాత్రకు వెళ్ళినప్పుడు తీసినదో, పెళ్ళికి వచ్చిన బంధువు మరచిపోయినదో ఎవరికీ గుర్తుండదు. దాన్ని పట్టుకుని పట్నం వెళితే "ఇప్పుడు ఇవి కడిగేవాళ్ళు లేరండీ" అన్న జవాబే ఎక్కువచోట్ల వినిపిస్తుంది. నలుపు తెలుపు రీలు అయితే ఎవరో ఒకరు ముందుకు వస్తారు. మామూలు కలర్ నెగిటివ్ అయితే పెద్ద నగరాల్లో ఇంకా కడుగుతున్నారు. వచ్చిన చిక్కల్లా స్లైడు ఫిల్ముతోనే.

ఇంకోవైపు, సెల్‌ఫోను రోజుల్లో కూడా ఫిల్ము కెమేరా మీద మోజుపడ్డ కుర్రకారు ఉన్నారు. అమెరికా, యూరప్ దేశాల్లోనూ, మన దేశపు నగరాల్లోనూ వీరిలో కొందరు స్లైడు ఫిల్మును ఇంట్లోనే, బకెట్లో వేడినీళ్ళు పెట్టుకుని కడిగేస్తున్నారు. కంపెనీ మందుల పెట్టె దొరకకపోతే నలుపు తెలుపు ఫిల్ము మందుతోనూ, కలర్ నెగిటివ్ మందుతోనూ సరిపెట్టుకుంటున్నారు. మొదటి మందుకు బదులు కాఫీ పొడి వాడి చూసినవారూ ఉన్నారు. వినడానికి గారడీలా ఉన్నా ఇందులో గారడీ ఏమీ లేదు. పాతకాలపు ఫోటో స్టూడియోలో పనిచేసిన వారికి ఈ పనిలో సగం ఇప్పటికే తెలుసు. మిగతా సగం మాత్రం ఇంటి సరుకులతో అయ్యేది కాదు. ఏది ఏ సగమో తెలిస్తే పాత రీలును కాపాడుకోవచ్చు. తెలియకపోతే ఉన్న ఒక్క బొమ్మనూ చేజేతులా పోగొట్టుకోవచ్చు.

వరి మడి పచ్చగా ఎలా వస్తుంది?

స్లైడు అనే మాట మన పల్లెలకు కొత్త కాదు. సినిమా హాలులో విశ్రాంతి సమయంలో బట్టల కొట్టు ప్రకటనలు తెర మీద పడింది స్లైడుల రూపంలోనే. అవి చాలావరకు అద్దం పలక మీద చేత్తో రాసి రంగులద్దినవి. వ్యవసాయ శాఖ వారు, ఆరోగ్య శాఖ వారు ఊళ్ళలో తెరకట్టి పైరు తెగుళ్ళ గురించీ, టీకాల గురించీ చూపిన బొమ్మల్లో మాత్రం ఫిల్ము స్లైడులు ఉండేవి. అట్ట చట్రంలో బిగించిన చిన్న ఫిల్ము ముక్క, దాని వెనుక దీపం, ముందు అద్దం. అంతే సరంజామా.

మామూలు ఫోటోకు ముందు నెగిటివ్ వస్తుంది. అందులో తెల్ల పంచె నల్లగా, నల్ల గొడుగు తెల్లగా ఉంటాయి. దాన్ని మళ్ళీ కాగితం మీద అచ్చువేస్తే తలకిందులైనది సరి అవుతుంది. స్లైడులో ఆ రెండో కాగితం లేదు. కెమేరాలో తిరిగిన ఫిల్మే చివరికి బొమ్మ అవుతుంది. ఆ తలకిందులు చేయడమూ, సరిచేయడమూ రెండూ ఒకే ఫిల్ము లోపల, మందు డబ్బాలో జరిగిపోవాలి. కనుకనే దీన్ని కడగడం కష్టం.

రంగుల స్లైడు ఫిల్ము మీద మూడు పొరలు ఉంటాయి. పై పొర నీలం వెలుతురుకు, నడిమి పొర ఆకుపచ్చ వెలుతురుకు, అడుగు పొర ఎరుపు వెలుతురుకు స్పందిస్తాయి. కడిగినప్పుడు పై పొరలో పసుపు రంగు, నడిమి పొరలో మెజెంటా అనే గులాబీ రంగు, అడుగు పొరలో సయాన్ అనే నీలి ఆకుపచ్చ రంగు పుట్టేటట్టు ఫ్యాక్టరీలోనే ఏర్పాటు చేసి ఉంచుతారు.

ఇక వరి మడి సంగతి చూద్దాం. మడి మీద నుంచి కెమేరాలోకి వచ్చేది ఆకుపచ్చ వెలుతురు. అది నడిమి పొరను తాకుతుంది, పై పొరనూ అడుగు పొరనూ వదిలేస్తుంది. మొదటి మందులో వేయగానే వెలుతురు తాకిన నడిమి పొరలో నల్లటి వెండి తయారవుతుంది. రంగు మాత్రం పుట్టదు. తరువాత రెండో మందులో, మొదట వెలుతురు తాకకుండా మిగిలిన చోట్ల రంగు పుడుతుంది. అంటే పైన పసుపు, అడుగున సయాన్. ఆ రెండూ కలిస్తే ఆకుపచ్చ. మడి పచ్చగా వచ్చింది. అలాగే ఎర్రచీర అడుగు పొరను తాకుతుంది కాబట్టి పైన పసుపు, నడుమ గులాబీ మిగిలి ఎరుపు అవుతాయి. తెల్ల పంచె మూడు పొరలనూ తాకేస్తుంది. రంగు పుట్టడానికి ఏమీ మిగలదు, అక్కడ ఫిల్ము అద్దంలా తేటపడుతుంది. చీకటి మూల దేన్నీ తాకదు కనుక మూడు రంగులూ పుట్టి నలుపవుతుంది. వెలుతురు పడిన చోట కాక, పడని చోట రంగు ఏర్పడటమే ఇందులోని కిటుకు.

కాబట్టి బొమ్మ ఎలా ఉండాలో నిర్ణయించేది మొదటి మందే. అందులో రంగు ప్రసక్తే లేదు. అది పచ్చి నలుపు తెలుపు పని. స్టూడియో వారికి సగం తెలుసన్నది అందుకే.

బంగాళాదుంప పిండి నుంచి

ఇంట్లో రంగుల బొమ్మ కడగడం ఈనాటి సరదా అనుకుంటే పొరపాటు. ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు 1907లో అమ్మకానికి పెట్టిన ఆటోక్రోమ్ పలకలను కొన్నవారే కడుక్కునేవారు. బంగాళాదుంప పిండి రేణువులకు నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులు వేసి అద్దం మీద చల్లి చేసిన పలకలవి. మొదటిసారి కడిగాక వచ్చిన వెండిని పర్మాంగనేటు కలిపిన గంధకామ్లంతో కరిగించి, పలకను వెలుతురులో పెట్టి మళ్ళీ కడిగేవారు. ఆ పర్మాంగనేటు మన బావుల్లో వేసే ఊదారంగు మందే. ఆల్బర్ట్ కాన్ అనే ఫ్రెంచి ధనికుడు పంపగా స్టెఫాన్ పాసె అనే ఫోటోగ్రాఫరు 1913-14లో మన దేశం వచ్చి ఈ పలకల మీదే రంగుల ఫోటోలు తీశాడు.

1935లో అమెరికాలో కొడాక్ కంపెనీ కొడాక్రోమ్ తెచ్చింది. దాన్ని కనిపెట్టిన మానెస్, గొడోవ్‌స్కీ ఇద్దరూ వృత్తిరీత్యా సంగీతకారులు. ఒకరు పియానో, ఒకరు వయొలిన్. చీకటి గదిలో గడియారం కనపడక, సంగీతపు లయను ఈలవేస్తూ మందులో ఎంతసేపు ఉంచాలో లెక్కపెట్టుకునేవారని చెబుతారు. తాళం తెలిసినవారికి ఇందులో వింత కనపడదు. కొడాక్రోమ్ రంగులు చీకట్లో భద్రపరిస్తే దశాబ్దాలపాటు చెదరవు. ఒకటే లోపం. రంగు పుట్టించే పదార్థం ఫిల్ములో ఉండదు, మందుల్లో ఉంటుంది. ఒక్కో పొరకు ఒక్కో మందు. పెద్ద యంత్రాలున్న లాబుల్లో తప్ప ఇంట్లో అయ్యే పని కాదు. 2009లో కంపెనీ దాని తయారీ ఆపేసింది. ఆఖరుగా తయారైన రీలును స్టీవ్ మెకరీ అనే ఫోటోగ్రాఫరుకు ఇస్తే, ఆయన అందులో కొన్ని బొమ్మలు మన దేశంలోనే తీశాడు. దాన్ని కడిగే చివరి లాబు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఉండేది. 2010 డిసెంబరు ఆఖరుతో అది కూడా కొత్త రీళ్ళు తీసుకోవడం మానేసింది.

ఇంట్లో కడిగేవారికి దారి చూపినవి రంగు పుట్టించే పదార్థాన్ని పొరల్లోనే పెట్టిన ఫిల్ములు. జర్మనీలో అగ్ఫా వారు 1936లోనే ఆ పద్ధతి తెచ్చారు. కొడాక్ వారి ఎక్టాక్రోమ్ 1946లో వచ్చింది. అగ్ఫా వారి వుల్ఫెన్ ఫ్యాక్టరీ యుద్ధం తరువాత తూర్పు జర్మనీలో ఉండిపోయి, 1964 నుంచి ఓర్వో అనే పేరుతో ఫిల్ములు అమ్మింది. తూర్పు జర్మనీతో మనకు రూపాయల్లోనే చెల్లించే వ్యాపారం ఉండేది కాబట్టి ఓర్వో డబ్బాలు మన స్టూడియోల బీరువాల్లో బాగా కనిపించేవి. 1970, 80 దశకాల్లో ఫోటోలు తీసిన వారెవరిని అడిగినా ఆ పేరు గుర్తుపడతారు.

1970ల నడుమ కొడాక్ ప్రవేశపెట్టిన 'ఇ-6' అనే పద్ధతి క్రమంగా ప్రపంచమంతటికీ ఒకటే అయింది. ఇప్పుడు దొరికే స్లైడు ఫిల్ములకు అదే వర్తిస్తుంది. ఎక్టాక్రోమ్‌ను కొడాక్ వారు 2012లో ఆపేసినా 2018లో మళ్ళీ తెచ్చారు. ఫూజీ వారి ఫిల్ములూ ఉన్నాయి. ధర మాత్రం సామాన్యుడికి అందేది కాదు.

మొదటి మందు: అంతా ఇక్కడే

కంపెనీ పెట్టెలోని మొదటి మందును 38 డిగ్రీల వేడిలో సుమారు 6 నిమిషాలు వాడాలి. దానికి బదులుగా ఇంట్లో చాలామంది వాడుతున్నది ఫోటో కాగితాలు కడిగే నలుపు తెలుపు డెవలపరునే. మెటాల్, హైడ్రోక్వినోన్, సోడియం సల్ఫైట్, సోడా, కొంచెం పొటాషియం బ్రోమైడ్ కలిపి స్టూడియోల వారు సీసాల్లో నింపుకున్న ఎం.క్యూ. డెవలపరు ఇదే జాతి. నెగిటివ్ కడిగే మెతక మందు ఇక్కడ పనికిరాదు, ఘాటు మందు కావాలి. వెలుతురు బాగా తాకిన చోట ఒక్క రేణువు కూడా మిగలకుండా వెండిగా మారిపోవాలి. ఏ కాస్త మిగిలినా రెండో మందులో అక్కడ రంగు పుట్టి తెల్ల పంచె మురికిపడుతుంది. కంపెనీ మందులో ఇందుకోసం థయోసైనేట్ అనే ఉప్పు కొద్దిగా ఉంటుంది. అది మిగిలిన రేణువులను కాస్త కరిగించి తెలుపును తేట చేస్తుంది. సొంతంగా మందు కలిపేవారూ దాన్ని గ్రాముల లెక్కన చేర్చుకుంటారు.

ఇక్కడ నెగిటివ్ అలవాటున్న వారు బోల్తాపడతారు. నెగిటివ్‌ను మందులో ఎక్కువసేపు ఉంచితే నల్లబడుతుంది. స్లైడు ఎక్కువసేపు ఉంచితే వెలవెలబోతుంది, తక్కువసేపు ఉంచితే చీకటిగా ఉండిపోతుంది. 6 నిమిషాలకు బదులు 8 నిమిషాలు ఉంచితే, కెమేరాలో రెట్టింపు వెలుతురు పడినంత ఫలితం కనిపిస్తుంది. వెలుతురు చాలని ఫోటోలను ఇలా కొంతవరకు సర్దుకోవచ్చు. అయితే మందు మారితే లెక్క మారుతుంది. ఫలానా మందుకు ఫలానా నిమిషాలు అని ఎవరో చెప్పినదాన్ని నమ్మి పూర్తి రీలు వేయడం తెలివైన పని కాదు. అనవసరమైన బొమ్మలు తీసిన రీలు ఒకటి తీసుకుని, చీకట్లో జానెడు ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కను ఒక్కో వ్యవధి ఉంచి చూడాలి. రైతు కొత్త విత్తనాన్ని ముందు గట్టు పక్కన ఒక మడిలో చల్లి చూసినట్టే ఇదీ.

కాఫీ సంగతి అడగనివారు ఉండరు. 1995లో అమెరికాలోని రోచెస్టర్ సాంకేతిక విద్యాసంస్థలో స్కాట్ విలియమ్స్ అనే అధ్యాపకుడి తరగతిలో, వెంటనే కరిగే కాఫీ పొడినీ బట్టల సోడానూ నీళ్ళలో కలిపి నలుపు తెలుపు ఫిల్ము కడిగి చూపారు. తరువాత దానికి సి విటమిన్ పొడి చేర్చి బలం పెంచారు. కాఫీలోని కెఫెయిక్ ఆమ్లం హైడ్రోక్వినోన్‌కు దూరపు చుట్టం కావడమే ఇందులోని మర్మం. మొదటి మందు నలుపు తెలుపు పనే కాబట్టి స్లైడుకూ కాఫీ పనికొస్తుంది. నెమ్మదిగా పనిచేస్తుంది, కొంచెం మరకపట్టిస్తుంది, ఆ వాసన భరించడం మాత్రం కష్టమే. సరదాకు బాగుంటుంది. పెళ్ళి బొమ్మలు మాత్రం ఆ మందులో వేయకండి.

దీపం వెలిగించే ఘట్టం

మొదటి మందు అయ్యాక శుభ్రంగా నీళ్ళతో కడగాలి. ఆ తరువాత ఫిల్మును చీకట్లో ఉంచనక్కరలేదు. పైగా వెలుతురు చూపించాలి కూడా. మిగిలిన రేణువులన్నీ రెండో మందుకు సిద్ధపడాలంటే వాటికీ వెలుతురు తగలాలి. కంపెనీ పద్ధతిలో ఈ పనిని తగరపు ఉప్పు కలిపిన ఒక మందు చేస్తుంది. ఆ మందు లేనివారికి దీపం చాలు. పూర్వపు ఎక్టాక్రోమ్, ఓర్వో పద్ధతుల్లో అసలు విధానమే అది. ఫిల్మును చుట్టతో సహా నీళ్ళ గిన్నెలో ఉంచి, గట్టి దీపం కింద అటూ ఇటూ తిప్పుతూ రెండు వైపులా కొన్ని నిమిషాలు చూపిస్తారు. ఇక్కడ వెలుతురు ఎక్కువైనా నష్టం లేదు, తక్కువైతేనే నష్టం. ఒక హెచ్చరిక. వేడెక్కిన పాతరకం బల్బు మీద నీటి చుక్క పడితే పగులుతుంది. తడి చేతులతో హోల్డరు ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఎల్.ఇ.డి. దీపాన్ని కూడా నీళ్ళకు జానెడు ఎడంగానే పెట్టుకోవాలి.

ప్రత్యామ్నాయం లేని మందు

రెండోది రంగు డెవలపరు. ఇక్కడ కాఫీ పనికిరాదు, ఎం.క్యూ. పనికిరాదు. మిగిలిన రేణువులను వెండిగా మారుస్తూ తాను మారిపోయి, పొరలోని పదార్థంతో కలిసి రంగు కట్టాల్సిన ప్రత్యేకమైన మందు ఇది. ఇ-6లో వాడేదాన్ని సి.డి.-3 అంటారు. కలర్ నెగిటివ్‌కు వాడేది సి.డి.-4. ఈ రెండూ అక్కచెల్లెళ్ళు. స్లైడు మందు దొరకనివారు నెగిటివ్ పెట్టెలోని డెవలపరునే ఇక్కడ వాడుతున్నారు. రంగులు వస్తాయి కానీ అచ్చంగా రావు. ఒక్కోసారి నీడల్లో ఒక రంగు జీర కనిపిస్తుంది, ఒక్కోసారి నలుపు దిట్టంగా కట్టదు. సరదాగా చూసుకునే బొమ్మలకు ఇది చాలు. రంగు నిక్కచ్చిగా ఉండాలంటే సి.డి.-3 కొనుక్కోవలసిందే. ఈ విషయంలో సర్దుబాటు లేదు.

ఈ మందులు చర్మానికి పడవు. తలకు వేసుకునే నల్లరంగులోని పి.పి.డి. అనే పదార్థానికి ఇవి దగ్గరి చుట్టాలు. ఆ రంగు వేసుకుంటే ముఖం ఉబ్బి దురదలు వచ్చేవారు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. అటువంటివారు ఈ పని తలపెట్టకపోవడమే మేలు. మిగతావారు కూడా రబ్బరు తొడుగులు లేకుండా మందు ముట్టుకోకూడదు. మొదట ఏమీ కాలేదని ధైర్యం చేస్తే, నాలుగోసారో పదోసారో పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే జీవితాంతం వదలదు.

రెండో మందు నుంచి తీసిన ఫిల్ము కటిక నల్లగా ఉంటుంది. కొత్తవారు రీలంతా పాడైపోయిందని గుండెలు బాదుకునేది ఇక్కడే. పాడవలేదు. రంగులన్నీ పుట్టే ఉన్నాయి, వెండి అడ్డం నిలిచి ఉంది. దాన్ని తొలగించడానికి 'బ్లిక్స్' అనే మందు ఉంది. వెండిని మార్చే ఇనుప ఉప్పు, కరిగించే హైపో జాతి ఉప్పు రెండూ ఒకే సీసాలో ఉంటాయి. ఆ ఇనుప ఉప్పు ఐరన్ ఇ.డి.టి.ఎ. జాతిది. బత్తాయి తోటలో ఆకులు పాలిపోతే పిచికారీ చేసే చిలేటెడ్ ఇనుము అన్నమాట. అలాగని ఎరువుల కొట్టులోని సూక్ష్మపోషకాల మిశ్రమం తెచ్చి పోయకూడదు. అందులో జింకు, మాంగనీసు వంటివి ఏవేవో కలిపి ఉంటాయి. కొన్ని నిమిషాల తరువాత చూస్తే నలుపు విడిపోయి ఆకాశం, చీర అంచు, మనుషుల ముఖాలు బయటపడతాయి. తడిగా ఉన్నంతసేపు బొమ్మ పాలు కలిపినట్టు నీలంగా కనిపిస్తుంది. ఆరాక తేటపడుతుంది, కంగారుపడనక్కరలేదు.

ఆఖరు నీళ్ళు బోరు నీళ్ళు కాకూడదు. ఉప్పు ఎక్కువున్న నీళ్ళు ఆరినచోటల్లా తెల్లటి మచ్చలు మిగులుస్తాయి. ఇప్పుడు ఊరూరా ఇరవై లీటర్ల డబ్బాల్లో అమ్మే శుద్ధి నీళ్ళు ఇందుకు చక్కగా సరిపోతాయి. పెట్టెతో వచ్చే చివరి స్థిరపరిచే మందును మాత్రం మానకూడదు. పాత ఫిల్ములకు ఇందులో ఫార్మాలిన్ వాడేవారు. పట్టుపురుగుల గదుల్లో చల్లే ఆ ఘాటు మందే ఇది. స్థిరపరచని స్లైడు కడిగిన రోజు అద్భుతంగా ఉండి, ఏళ్ళు గడిచేకొద్దీ గులాబీ రంగు వెలిసిపోయి వికారమవుతుంది.

జ్వరమంత వేడి

38 డిగ్రీలంటే ఫారన్‌హీట్ లెక్కలో 100.4. మనిషికి జ్వరం తగిలినంత వేడి. మొదటి మందులో ఇది అటూ ఇటూ 0.3 డిగ్రీ మించి మారకూడదని నిబంధన. లాబుల్లో యంత్రం చూసుకుంటుంది. ఇంట్లో అయితే పెద్ద బకెట్లో 39, 40 డిగ్రీల నీళ్ళు పోసి, మందు సీసాలనూ ఫిల్ము డబ్బానూ అందులో నిలబెట్టి, చల్లారినకొద్దీ వేడినీళ్ళు కలుపుతూ ఉండాలి. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు సరిగ్గా ఈ వేడి దగ్గరే నిక్కచ్చిగా చూపుతుంది కనుక మామూలు థర్మామీటరు నిజం చెబుతోందో లేదో దానితో సరిచూసుకోవచ్చు.

చలిదేశాల వారు ఈ వేడి నిలపడానికి నానా తంటాలు పడతారు. మనకు ఆ బాధ లేదు. మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్ళు పట్టుకుంటే పొయ్యి పని సగం తగ్గుతుంది. ఈ పనికి మన ఎండలు అనుకూలం కావడం విచిత్రమే. పూర్వం నలుపు తెలుపు ఫిల్ము కడిగేవారికి ఇదే ఎండ శత్రువు. ఐసు గడ్డలు తెచ్చి మందు చల్లార్చకపోతే ఫిల్ము మీది జిలాటిన్ పొర ఉబ్బి, ముద్దయి జారిపోయేది.

పాత రీలు దొరికితే

ఆ జారిపోయే ప్రమాదం ఈనాటికీ ఉంది. ఓర్వో వంటి పాత జర్మన్ ఫిల్ములను 25 డిగ్రీల మందుల కోసం తయారుచేశారు. వాటిని ఇ-6 మందులో 38 డిగ్రీల దగ్గర వేస్తే పొర ఊడి మందులో కలిసిపోతుంది. అప్పుడు చేతిలో మిగిలేది ఉత్త ప్లాస్టిక్ పట్టీ. కాబట్టి పాత రీలు కనిపించగానే ముందు చేయవలసింది దాని మీది అక్షరాలు చదవడం. ఎట్టి పరిస్థితుల్లోనూ డబ్బా మూత తీసి చూడకూడదు.

'ఇ-6' అని ఉంటే ఇప్పటి మందుల్లో రంగులు రావచ్చు. 'సి-41' అని ఉంటే అది స్లైడు కాదు, కలర్ నెగిటివ్. మామూలు లాబులో ఇవ్వవచ్చు. 'ఇ-4' అనో, 'ఓర్వోక్రోమ్' అనో ఉంటే రంగుల మీద ఆశ వదులుకోవడం మంచిది. 'కె-14' లేదా కొడాక్రోమ్ అయితే దానికి కావలసిన రంగు మందులు ఇప్పుడు బజారులో దొరకవు. కానీ బొమ్మ పోయినట్టు కాదు. ఈ ఫిల్ములన్నిటిలోనూ అసలు పనిచేసేది వెండే. నలుపు తెలుపు మందులో వేసి హైపోలో స్థిరపరిస్తే నెగిటివ్ వస్తుంది. దానిలోంచి ముఖాలు గుర్తుపట్టేటంత ఫోటో తీసుకోవచ్చు. కొడాక్రోమ్ వెనుక మసిలాంటి నల్లపూత ఉంటుంది. సోడా నీళ్ళలో మెత్తబరచి వేలితో సున్నితంగా రుద్దితే పోతుంది. ఫిల్ము గోధుమ రంగులో కనిపించినా భయపడనక్కరలేదు, లోపలి పసుపు వడపోత పొర వల్ల అలా ఉంటుంది.

ఏళ్ళ తరబడి అటక వేడిలో మగ్గిన ఇ-6 రీలు విషయంలో కూడా, రంగా, బొమ్మా అని ఎంచుకోవలసి వస్తే బొమ్మనే ఎంచుకోవాలని మా అభిప్రాయం. మూడు పొరలూ ఒకే తీరుగా పాతబడవు. రంగుల్లో కడిగితే బురద నీళ్ళలాంటి ఫలితం వచ్చే అవకాశమే ఎక్కువ. పోయిన మనిషి ముఖం నలుపు తెలుపులో దక్కినా ఆ ఇంటివారికి తక్కువేమీ కాదు. లాబులో ఇచ్చేటప్పుడు కూడా ఇది స్లైడు ఫిల్మని గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే కలర్ నెగిటివ్ యంత్రంలో వేసేస్తారు. అప్పుడు రంగులు తారుమారైన నెగిటివ్ వస్తుంది. దాన్ని మళ్ళీ స్లైడుగా మార్చే మందు ప్రపంచంలో లేదు.

మిగిలిన మందు నీళ్ళు

వాడిన మందును ఎక్కడ పారబోయాలన్నది చిన్న సంగతి కాదు. నగరాల్లో మురుగునీటి శుద్ధి కేంద్రాలు ఉంటాయి. పల్లెలో అయితే అది నేరుగా కాలువకో, చెరువుకో, పెరట్లోని బావి ఊటకో చేరుతుంది. రంగు ఫిల్ములో చివరికి ఒక్క రవ్వ వెండి కూడా మిగలదు. అదంతా దాదాపుగా బ్లిక్స్‌లోనే కరిగి ఉంటుంది. కరిగిన వెండి చేపలకు విషం. పశువుల తొట్టి దరిదాపుల్లోకి ఈ నీళ్ళు పోనివ్వకూడదు. పసిపిల్లలు ఉన్న ఇంట్లో కూల్‌డ్రింకు సీసాల్లో మందు నింపి ఉంచడం అన్నిటికన్నా ప్రమాదం. సీసా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, తాళం వేసిన చోట పెట్టుకోవాలి. వంటకు వాడే గిన్నె, గరిటె ఒకసారి ఈ పనికి తీస్తే మళ్ళీ వంటింట్లోకి రాకూడదు.

హైపోలోని వెండిని పూర్వం పెద్ద స్టూడియోలు పారబోయేవి కావు. వాడిన హైపో కొనుక్కుని వెండి తీసుకునేవారు ఉండేవారు. గిన్నెలు తోమే ఇనుప పీచును వాడేసిన హైపోలో ఒక రోజు నానబెడితే ఇనుము కరుగుతూ వెండి నల్లటి మడ్డిగా అడుగున చేరుతుంది. నలుపు తెలుపు పనిలో వాడిన హైపోకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. బ్లిక్స్‌లో అసలే ఇనుప ఉప్పు ఉండటం వల్ల ఇది అంత సులువుగా సాగదు. అందువల్ల దాన్ని సీసాలో మూతపెట్టి పోగుచేసి, పట్నం వెళ్ళినప్పుడు ఫిల్ములు కడిగే లాబు వారికి అప్పగించడమే మంచిది. వారి వద్ద వెండి తీసుకునే ఏర్పాటు ఉందో లేదో ముందుగా కనుక్కుని మరీ వెళ్ళాలి.